గొలుసు సాగిందో లేదో

2005 వేసవిలో నేను ఒక పార్శిల్ కోసం ఎదురుచూసినంతగా పదో తరగతి రిజల్ట్స్ కోసం కూడా ఎదురుచూడలేదు. అప్పుడు మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లం. ఆఫీసు నుంచి రాగానే ముందు పోస్ట్ బాక్స్ తాళం తీసి చూడటం, లేకపోతే లీజింగ్ ఆఫీసుకెళ్లి "నా పేరు మీద ఏమైనా వచ్చిందా?" అని అడగటం. అక్కడి అమ్మాయి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేసేది.

అందులో రావాల్సింది బంగారమేం కాదు. దారి చెప్పే సాఫ్ట్‌వేర్. టామ్‌టామ్ నావిగేటర్ 5. పాకెట్ పీసీలో వేసుకోవాలి.

పాకెట్ పీసీ అంటే ఈతరం పిల్లలకి తెలీదు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. ఫోన్ కాదు, దాంతో ఎవరికీ ఫోన్ చెయ్యలేం. స్టైలస్ అనే పుల్లతో తెర మీద గీకాలి. బిగుసుకుపోతే అదే పుల్లని పక్కనున్న సన్న బెజ్జంలో గుచ్చి మళ్లీ లేపాలి. అన్నిటికన్నా ఘోరం బ్యాటరీ. ఆ రోజుల్లో చాలా పాకెట్ పీసీల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోతే మనం వేసుకున్న ప్రోగ్రాములు, రాసుకున్న నంబర్లు అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోతే పొద్దున అది అప్పుడే డబ్బాలోంచి తీసినంత కొత్తగా, అమాయకంగా మొహం పెట్టేది. మళ్లీ కంప్యూటర్‌కి తగిలించి అన్నీ మొదట్నుంచి ఎక్కించుకోవాలి. అయినా సరే, నా జేబులో కంప్యూటర్ ఉందన్న గర్వం ముందు ఇవన్నీ చిన్న విషయాలు.

దారుల సంగతికొస్తే, అప్పట్లో మనవాళ్లందరి కార్లలోనూ మ్యాప్‌క్వెస్ట్ అనే దారులు చెప్పే వెబ్‌సైట్ నుంచి తీసిన ప్రింట్లు ఉండేవి. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ముందు అడ్రస్ అడిగి, ఆఫీసు ప్రింటర్ మీద నాలుగు పేజీలు తీసుకోవాలి. వెళ్లడానికి రెండు, రావడానికి రెండు. తిరుగు దారి ప్రింట్ తీసుకోకుండా వెళ్లి, అర్ధరాత్రి పెట్రోల్ బంకులో దారి అడిగినవాళ్లు మా గుంపులో చాలామందే. ఒక్క మలుపు తప్పితే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. పైగా న్యూజెర్సీలో ఎడమకి తిరగాలంటే చాలాచోట్ల ముందు కుడివైపు ర్యాంపులోకి వెళ్లి చుట్టి రావాలి. జగ్‌హ్యాండిల్ అంటారు, అంటే కూజా పిడి. పేరు పెట్టినవాడు ఎవడోగానీ సరిగ్గానే పెట్టాడు.

ఆ కూజా పిడి దగ్గరే నా మొదటి నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌కీ నాకూ చెడింది. దాని పేరు ఇప్పుడెందుకులెండి. పాకెట్ పీసీ నెత్తిన కొమ్ములాగా గుచ్చుకునే జీపీఎస్ రిసీవర్, దానికో ప్రోగ్రాము. ఎడమకి తిరగకూడని చోట ఎడమకి తిరగమనేది. తిరగకపోతే కొత్త దారి లెక్క కట్టుకుంటూ కూర్చునేది. ఆ లెక్క తేలేసరికి మనం ఇంకో రెండు మలుపులు దాటేసి ఉంటాం. చెట్ల కిందకెళ్తే సిగ్నల్ పోయేది. జూన్‌లో అమ్మానాన్నలు వచ్చిన రోజు, నెవార్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి అరగంట దారి. నేను గొప్పగా దాన్ని అద్దానికి తగిలించి బయల్దేరాను. గంటన్నర పట్టింది. ఒకే బ్రిడ్జి కింద నుంచి మూడుసార్లు వెళ్లాం. మూడోసారి అమ్మ వెనక సీట్లోంచి, "ఈ ఊళ్లో బ్రిడ్జిలన్నీ ఒకేలా కట్టారేంట్రా?" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. డాష్‌బోర్డులోంచి ప్రింట్లు తీసి నా ఒళ్లో పెట్టింది.

అందుకే ఆ కొత్త వెర్షన్ కోసం అంత ఆత్రం. అంతకు ముందు ఏడాది, 2004లో, టామ్‌టామ్ వాళ్లు గో అని ఒక పెట్టె తెచ్చారు. కారులో పెట్టుకుంటే చాలు, అన్నీ అందులోనే. నాకున్న పాకెట్ పీసీ ఉండగా దానికి మళ్లీ వందల డాలర్లు పొయ్యడం ఎందుకని కొనలేదు. ఇప్పుడు ఆ గో లో ఉన్న హంగులన్నీ, పుల్లతో పని లేకుండా వేలితో నొక్కే పెద్ద పెద్ద బొమ్మలు, రోడ్డు మన కళ్ల ముందు పరుచుకున్నట్టు కనిపించే త్రీడీ మ్యాపు, ఇవన్నీ నావిగేటర్ 5 పేరుతో చేతికొస్తున్నాయంటే ఇంక నిలవగలనా? స్క్రీన్‌షాట్లు దొరికినవి దొరికినట్టు దాచుకున్నాను. ఒకటి కలర్ ప్రింట్ తీసి ఆఫీసులో నా టేబుల్ దగ్గర అంటించాను. పక్క టీంలో ఇంకో పిచ్చివాడు ఉండేవాడు. ఇద్దరం లంచ్‌లో దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. ఎంత సైజు ఎస్డీ కార్డు కావాలి, మొత్తం అమెరికా మ్యాపు పడుతుందా, లేక తూర్పు రాష్ట్రాలు మాత్రమే వేసుకోవాలా. సంబంధం కుదిరాక పెళ్లికూతురి ఫోటో పదిసార్లు తీసి చూసుకునే కుర్రాడిలా ఉండేది మా వ్యవహారం.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు కొత్త రిసీవర్ వచ్చింది. బ్లూటూత్‌ది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. లోపల సర్ఫ్‌స్టార్ 3 అనే చిప్. ఆ చిప్ గురించి అప్పట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. చెట్ల కింద పనిచేస్తుంది, ఇంట్లో కిటికీ పక్కన కూడా పట్టేస్తుంది అని. అది నిజమే, నేను చూశాను. వైరు లేదు, కొమ్ము లేదు. డాష్‌బోర్డు మీద పడేస్తే చాలు. జత చెయ్యడానికి నాలుగు సున్నాలు కొట్టాలి. ఉపగ్రహాలు దొరికేదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది, దొరికాక మినుకు మినుకుమంటుంది.

దాన్ని పరీక్షించడానికి తెల్లవారుజామున పార్కింగ్ లాట్‌లోకి వెళ్లాను. నాన్నకి జెట్‌ల్యాగ్, మూడింటికే లేచి కూర్చునేవారు. నా వెనకే వచ్చారు.

"ఏంట్రా, అరచేతిలో కర్పూరం పెట్టుకున్నట్టు ఆకాశానికి చూపిస్తున్నావు?"

నాన్న గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన సర్వేయర్. కృష్ణా జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పొలాలు కొలిచి రిటైరయ్యారు. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు, హద్దు రాళ్లు, పొలాల కొలతలు గీసి ఉండే ఎఫ్ఎంబీ పుస్తకాలు, ఇవే ఆయన ప్రపంచం. గట్టు జరిగిందని కొట్టుకునే అన్నదమ్ముల మధ్య నిలబడి, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు అని లెక్క తేల్చిన మనిషి. ఆయనకి జీపీఎస్ ఏం చెప్తాంలే అనుకున్నాను. అది నా తెలివితక్కువ.

"పైన 20,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి నాన్నా. ఒక్కోటి మనకెంత దూరంలో ఉందో ఇది కొలుస్తుంది. నాలుగు దొరికితే మనం ఎక్కడున్నామో చెప్తుంది."

"నాలుగెందుకు? మూడు రాళ్ల నుంచి దూరం తెలిస్తే పాయింటు దొరుకుతుంది కదా?"

ఇంజనీరింగ్ చదివిన నా ఫ్రెండ్స్ ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు.

"దూరాన్ని టైముతో కొలుస్తుంది నాన్నా. సిగ్నల్ బయల్దేరి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పట్టిందీ అని. పైనున్నవాటిలో అణు గడియారాలు ఉంటాయి, తప్పు పోవు. దీన్లో ఉన్నది మామూలు గడియారం. దాని తప్పు పట్టుకోడానికి నాలుగోది."

నాన్న కాసేపు ఆలోచించారు. "అంటే గొలుసు సాగిందో లేదో చూసుకోడానికన్నమాట" అన్నారు.

వాడగా వాడగా గొలుసు సాగుతుందట. సాగిన గొలుసుతో కొలిస్తే ప్రతి కొలతలోనూ ఒకే పాళ్లలో తప్పు వస్తుంది. అందుకని పని మొదలెట్టే ముందు గొలుసునే కొలుచుకోవాలి. నేను పదిసార్లు చదివితేగానీ బుర్రకెక్కని విషయాన్ని ఆయన పార్కింగ్ లాట్‌లో, లుంగీ మీద స్వెటర్ వేసుకుని, ఒక్క ముక్కలో తేల్చేశారు.

లైటు మినుకుమనడానికి ఇంకో నిమిషం పట్టింది. ఎందుకింత ఆలస్యం అన్నారు. ఒక్కో ఉపగ్రహం తనెక్కడుందో సెకనుకి 50 బిట్ల చొప్పున చెప్తుందనీ, ఆ మాట పూర్తవడానికే అర నిమిషం పడుతుందనీ, మధ్యలో ఒక ముక్క వినపడకపోతే మళ్లీ చెప్పేదాకా ఆగాలనీ చెప్పాను. "అర నిమిషమేగా" అన్నారాయన. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల మొదటి గీత కొలవడానికి దాదాపు రెండు నెలలు పట్టిందని, దేశం మొత్తం సర్వేకి అదే మొదలని, అక్కడే నిలబడి చెప్పారు. లాంబ్టన్ పేరు మా ఇంట్లో పెద్ద తాతగారి పేరులా వినపడేది.

చివరికి తెర మీద అంకెలు వచ్చాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఎంత తేడా వస్తుంది?"

"ఐదు మీటర్లు, ఒక్కోసారి పది. 2000 మే దాకా అయితే అమెరికా వాళ్లు సిగ్నల్లో కావాలనే తప్పు కలిపేవాళ్లు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు తీసేశారు."

ఆ కావాలని తప్పు కలపడం అనే మాట ఆయనకి అస్సలు మింగుడు పడలేదు. ముందు దాన్ని పక్కన పెట్టి లెక్క వేశారు. "ఐదు మీటర్లంటే పాతిక లింకులు. పాతిక లింకులు తేడా వస్తే మా దగ్గర తలకాయలు పగుల్తాయిరా. దారి వెతుక్కోడానికి పనికొస్తుంది, గట్టు వెతుక్కోడానికి పనికిరాదు." తీర్పు చెప్పేసి లోపలికెళ్లి కాఫీ పెట్టుకున్నారు.

పార్శిల్ ఆ తర్వాత కొన్నాళ్లకి వచ్చింది. నేను ఇంట్లో లేను. అమ్మ సంతకం పెట్టి తీసుకుని, దేవుడి అరలో పెట్టింది. ఆ సాయంత్రం అన్నం కూడా తినకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కార్డులోకి మ్యాపు ఎక్కుతున్నంతసేపూ ఆ నీలం గీత నత్తలా పాకుతుంటే, దాన్నే చూస్తూ కూర్చోవడం ఒక సుఖం. ఇప్పుడు ఫోన్‌లో ఏ యాప్ ఎప్పుడు మారుతుందో మనకి తెలియను కూడా తెలియదు. రాత్రి నిద్రపోతుంటే అవే మారిపోతాయి. కొత్త వెర్షన్ వచ్చిందని ఎవరూ స్వీట్లు పంచరు. నేను మర్నాడు ఆఫీసులో పంచాను, నిజంగానే.

మొదటి పెద్ద పరీక్ష పిట్స్‌బర్గ్. అమెరికా వచ్చిన ప్రతి అమ్మానాన్నలనీ పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి తీసుకెళ్లాల్సిందే, అది మనవాళ్ల రాజ్యాంగంలో రాసి ఉంది. ఎడిసన్ నుంచి ఐదున్నర, ఆరు గంటల దారి. మా ఆవిడ మ్యాప్‌క్వెస్ట్ ప్రింట్లు తీసింది. "కొత్తది వచ్చింది కదా, ఇవెందుకు?" అన్నాను. "నెవార్క్ బ్రిడ్జి నాకింకా గుర్తుందండీ" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

దారి చెప్పే ఆ గొంతు అమ్మకి తెగ నచ్చేసింది. "ఆ పిల్ల పాపం ఎంత ఓపిగ్గా చెప్తోందిరా, నువ్వు తప్పు తిరిగినా విసుక్కోదు" అనేది. నాన్నకి నచ్చింది వేరు. అది దూరాలు గజాల్లో చెప్పేది. 800 గజాల తర్వాత కుడికి తిరుగు అనగానే నాన్న, "36 గొలుసుల చిల్లర" అనేవారు పక్క సీట్లోంచి. దారంతా ఇదే. అది గజాల్లో చెప్పడం, ఈయన గొలుసుల్లోకి మార్చడం. కార్లైల్ దగ్గర 81 నంబరు హైవే నుంచి టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీదకి ఎక్కాలంటే నేరుగా ర్యాంపు లేదు. దిగి, ట్రక్కుల హోటళ్లున్న మామూలు రోడ్డు మీద కాస్త దూరం వెళ్లి ఎక్కాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు దారి తప్పామేమోనని కంగారుపడే చోటు అది. అక్కడ ఆ పిల్లా, కాగితం చూస్తూ మా ఆవిడా ఒకేసారి ఒకే మాట చెప్పారు. వెనక సీట్లో అమ్మ చప్పట్లు కొట్టింది.

టర్న్‌పైక్ ఎక్కాక సొరంగాలు. ముందు బ్లూ మౌంటెన్. లోపలికి వెళ్లగానే ఉపగ్రహాలు పోయాయి, తెర మీద రంగులు పోయి బూడిదగా మారింది. నాన్న ముందుకి వంగి దాన్నే చూస్తున్నారు. బయటికొచ్చాం, ఆకాశం కనపడింది. కనపడిందో లేదో, ముందు కిటాటినీ సొరంగం. ఆ రెండిటి మధ్యా 600 అడుగులు ఉంటుందేమో, అంతే. "పాపం, నోరు తెరిచే టైము కూడా ఇవ్వలేదు" అన్నారు నాన్న. రెండోదాని నుంచి బయటపడ్డాక ఒకటి, రెండు అంటూ ఉపగ్రహాలు లెక్కపెట్టడం మొదలెట్టారు. రంగులు తిరిగి రాగానే సీటుకి ఆనుకుని కూర్చున్నారు. ఆ తర్వాత టస్కరోరా, ఇంకా చాలా దూరం పోయాక అలెగెనీ. ప్రతి సొరంగం ముందూ ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. కొండలు, లోయలు, ఆ పచ్చదనం, ఇవేవీ ఆయన పెద్దగా చూసినట్టు నాకు గుర్తులేదు.

మన్‌రోవిల్ దగ్గర టర్న్‌పైక్ దిగి, ఎత్తుపల్లాల రోడ్ల మీద తిప్పి తిప్పి తీసుకెళ్లింది. చెట్ల మధ్య నుంచి తెల్లటి గోపురం కనిపించడం, గమ్యం చేరారని అది చెప్పడం ఒకేసారి. ఒక్క మలుపు కూడా తప్పలేదు. మా ఆవిడ ప్రింట్లు మడిచి బ్యాగులో పెట్టేసింది. నేను ఏమీ అనకుండా ఆమె వైపు ఒకసారి చూశాను. అది చాలు.

దర్శనం అయింది, అక్కడి పులిహోర తిన్నాం. దాని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. కారు దగ్గరికి వచ్చాక అమ్మ తన చేతిలో ఉన్న కుంకుమ ముందు కారుకి, తర్వాత డాష్‌బోర్డు మీదున్న రిసీవర్‌కి పెట్టింది. నాన్న మాత్రం పాకెట్ పీసీ తీసి ఇవ్వమన్నారు. ఉపగ్రహాల తెర ఎలా తెరవాలో ఆపాటికే నేర్చేసుకున్నారు. జేబులోంచి చిన్న డైరీ తీసి, ఉత్తరం 40 డిగ్రీలు, పడమర 79 డిగ్రీలు, ఆపైన నిమిషాలు, సెకన్లు అన్నీ రాసుకున్నారు. పక్కన "గుడి పార్కింగు, ఈశాన్య మూల" అని కూడా.

తర్వాత సంగతులు అందరికీ తెలిసినవే. 2009 అక్టోబర్‌లో గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లలో నావిగేషన్ ఉచితంగా ఇస్తున్నామన్నారు, ఆ రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు దబ్బున పడ్డాయి. 2010 జనవరిలో నోకియా కూడా తన మ్యాపులు ఊరికే ఇచ్చేసింది. డబ్బులిచ్చి, కార్డు కొని, పార్శిల్ కోసం కాసుకుని కూర్చునే నాబోటివాళ్ల కాలం ఐదేళ్లు కూడా లేదు.

అయితే ఆ పాత పాకెట్ పీసీకి ఇంకో ప్రయాణం రాసి ఉంది. 2007 డిసెంబర్‌లో ఇండియా వస్తుంటే నాన్న ఫోన్‌లో ఒక్కటే చెప్పారు, "ఆ మిషను మర్చిపోకుండా తీసుకురా." ఇందులో ఇండియా మ్యాపు లేదు నాన్నా, తెల్లకాగితంలా ఉంటుంది అన్నాను. అప్పటికి మన హైదరాబాద్‌లోనే సత్‌నవ్ అనే కంపెనీ సత్‌గైడ్ పేరుతో ఇలాంటిదే చేసింది. దాన్ని తెప్పించుకుందామా అనుకున్నాను కూడా. కానీ గుడివాడకి తూర్పున మా ఊరి పంట బోదెలు, డొంకలు ఎవరి మ్యాపులోనైనా ఎందుకుంటాయి? "మ్యాపుతో నాకేం పని, అంకెలొస్తాయా రావా?" అన్నారు.

వస్తాయి.

సంక్రాంతి ముందు పొద్దున్నే, మంచు ఇంకా విడవలేదు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట రాయి ఉంటుంది, ట్రై జంక్షన్ రాయి అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న మొదటిసారి గొలుసు పట్టింది ఆ రాయి దగ్గరేనట. రిసీవర్‌ని దాని నెత్తిన పెట్టారు. వెనకవైపు పిట్స్‌బర్గ్ కుంకుమ మరక ఇంకా ఉంది. చుట్టూ కోసిన వరి చేలు, ఒక్క చెట్టు లేదు, తెర మీద ఉపగ్రహాలు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. ఎడిసన్‌లో ఎప్పుడూ అన్ని చూడలేదు. ఉత్తరం 16 డిగ్రీలు, తూర్పు 81 డిగ్రీలు. నాన్న రాసుకున్నారు. నేను అయిపోయిందనుకుని తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక్క సెకనుకి ఎంత దూరం?"

"ఉత్తర దక్షిణాలైతే 31 మీటర్లు, కాస్త అటూ ఇటూగా."

"అంటే 150 లింకుల పైమాట. ఒక్క రీడింగు నమ్మి రాయి పాతేస్తామా? పది తీసి సగటు వెయ్యాలి. ఐదు నిమిషాలకొకటి."

డొంక మీద గడ్డిమోపుతో వెళ్తున్న ఒకాయన ఆగి, "ఏంటి సర్వేయర్ గారూ, మళ్లీ కొలతలొచ్చాయా?" అని అడిగాడు కంగారుగా. ఏం లేదులే పొమ్మన్నారు నాన్న. రాయి పక్కన తువ్వాలు పరుచుకుని, డైరీలో ఒకటి నుంచి పది దాకా వరసగా నంబర్లు వేసుకుని కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఒకటో నంబరు ఎదురుగా మాత్రమే అంకెలున్నాయి.